ప్రింటరు చెడలేదు, చిరునామా మారింది

మా అక్కగారి ఊరు కర్ణాటకలోని బాగేపల్లి తాలూకాలో ఉన్నది. ఇంట్లో మాట తెలుగు, బడిలో చదువు కన్నడం. సరిహద్దు గ్రామాల పాఠకులకు ఈ సంగతి వివరించి చెప్పనక్కరలేదు. మా మేనల్లుడు ఇంటి ముందుగదిలో చిన్న జెరాక్సు దుకాణం నడుపుతున్నాడు. పహాణీ నకళ్లు తీసి ఇవ్వడం, పిల్లల పరీక్షా రుసుములు కట్టిపెట్టడం, పింఛను దరఖాస్తులు నింపడం అతని పని. గత ఏడాది వానకాలంలో ఒక ఉదయం అతని ప్రింటరు పలకడం మానివేసింది. కంప్యూటరు తెరపై ‘ఆఫ్‌లైన్’ అన్న మాట తప్ప మరొకటి లేదు. పంట రుణం రెన్యువల్ చేయించుకొనేందుకు పహాణీ కావలసిన రైతులు ఏడెనిమిది మంది అరుగు మీద కూర్చుని ఉన్నారు. బ్యాంకు గడువు ఆ మరునాటితో ముగుస్తుంది.

తాలూకా కేంద్రం నుంచి వచ్చిన మెకానిక్ ప్రింటరును అటూ ఇటూ తిప్పి చూసి, లోపలి బోర్డు పోయిందని తేల్చి వెళ్లాడు. “మామా, ప్రింటరు పోయిందంట, కొత్తది తీసుకోమంటా ఉండారు” అని మేనల్లుడు నాకు ఫోను చేశాడు. కొత్త ప్రింటరంటే చిన్న దుకాణానికి చిన్న ఖర్చు కాదు. ఈ మధ్య ఇంట్లో కొత్తగా ఏమైనా తగిలించారా అని అడిగాను. పశువుల కొట్టం దాకా వైఫై అందడం లేదని మూడు రోజుల కిందట రెండవ రౌటరు ఒకటి కొని వసారాలో పెట్టానన్నాడు. నీ ఫోనులోని ఐపీ చిరునామా చదవమన్నాను. 192.168.0.103 అన్నాడు. కంప్యూటరుది చదవమన్నాను. 192.168.1.5 అన్నాడు.

రోగం అక్కడే బయటపడింది. మొదటి రెండు అంకెలు ఒకటే. మూడవ స్థానంలో ఒకదానికి సున్నా, మరొకదానికి ఒకటి. ఒకే ఇంట్లో ఉన్న రెండు పరికరాలకు రెండు వేర్వేరు వీధుల చిరునామాలు వచ్చాయి. ప్రింటరు ఈ వీధిలో ఉండగా కంప్యూటరు ఆ వీధిలో దానికోసం వెదుకుతున్నది.

చిరునామా పరికరానిది కాదు

ఈ విషయంలో మనలో చాలామందికి ఒక అపోహ ఉన్నది. ఫోనుకు నంబరు ఉన్నట్లే కంప్యూటరుకు, ప్రింటరుకు సొంతంగా ఒక ఐపీ చిరునామా ఉంటుందనుకుంటాము. అలా ఉండదు. ఆ చిరునామా ఇంట్లో వేరొక పెట్టె ఇచ్చినది, అదీ కొంతకాలానికి ఇచ్చినది. కనుక తప్పు చిరునామా కనిపించినప్పుడు ‘ఈ పరికరానికి ఏమైంది’ అని అడగడం వలన ప్రయోజనం తక్కువ. ‘దీనికి ఈ చిరునామా ఎవరిచ్చారు’ అని అడగాలి. అంకెలను చూసి ఆ ఇచ్చినవారిని గుర్తు పట్టవచ్చును.

ఐపీ చిరునామా నాలుగు అంకెల వరుస. ఒక్కొక్క అంకె 0 నుంచి 255 వరకు ఉండవచ్చు. 1981లో రూపొందిన ఈ పద్ధతిలో మొత్తం చిరునామాలు సుమారు 429 కోట్లు. లోకంలోని పరికరాలన్నిటికీ అవి చాలవు. 2011 ఫిబ్రవరి 3న ప్రపంచ నిల్వలో మిగిలిన చివరి భాగాలను కూడా పంచివేశారు. అయినా మన ఇళ్లలో పని సాగుతున్నదంటే, 1996లో కొన్ని వరుసలను ఇళ్లకు, కార్యాలయాలకు లోపలి వాడకం కోసం విడిగా ఉంచినందువల్లనే. 192.168తో మొదలయ్యేవి, 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 వరకు ఉన్నవి ఆ కోవకు చెందుతాయి. మా అక్కగారింట్లోని 192.168.1.5 మీ ఇంట్లోనూ ఉండవచ్చు. గాంధీనగర్ అనే వీధి ప్రతి పట్టణంలోనూ ఉన్నట్లే, గోడ దాటితే దానికి విలువ లేదు.

ఇంట్లో చిరునామాలు పంచే పని ఫైబర్ పెట్టె గాని రౌటరు గాని చేస్తుంది. ఆ పద్ధతిని డీహెచ్‌సీపీ అంటారు. 1993లో మొదట వెలువడి, 1997లో నేటి రూపానికి వచ్చినది. జరిగేది నాలుగు మాటల సంభాషణ. కొత్తగా వచ్చిన పరికరం ‘నాకు చిరునామా ఇచ్చేవారెవరైనా ఉన్నారా’ అని అందరికీ వినిపించేలా కేక వేస్తుంది. పంపిణీదారు ‘ఇదిగో, 192.168.1.5 ఖాళీగా ఉన్నది’ అంటుంది. పరికరం ‘అదే ఇప్పించండి’ అంటుంది. పంపిణీదారు ‘ఇచ్చాను, ఇంతకాలం వాడుకో’ అని ముగిస్తుంది. చిరునామాతోపాటు బయటి లోకానికి వెళ్లే ద్వారం ఎక్కడున్నదో కూడా అదే చెబుతుంది. దానిని గేట్‌వే అంటారు.

ఇక్కడ గమనించవలసినది ఒకటున్నది. పరికరం కేక వేసినప్పుడు పలికినది అసలైన పంపిణీదారేనా కాదా అని విచారించదు. సాధారణంగా ముందు ఎవరు పలికితే వారిచ్చినది పుచ్చుకుంటుంది. ఇంట్లో పంపిణీదారు ఒకరే ఉన్నంతకాలం బాధ లేదు. ఇద్దరైతే ఉదయం ఒకరు ముందు పలుకుతారు, సాయంత్రం మరొకరు. అందువల్లనే ఈ లోపం ఒకసారి ఉండి మరొకసారి లేనట్లు కనిపించి, మెకానిక్కులను కూడా మోసగిస్తుంది.

అంకెలు చెప్పే ఆనవాళ్లు

ఆండ్రాయిడ్ ఫోనులో సెట్టింగులలోని వైఫై విభాగానికి వెళ్లి, కలిసి ఉన్న నెట్‌వర్కు పేరును గాని పక్కనున్న గుర్తును గాని నొక్కితే ఐపీ చిరునామా, గేట్‌వే రెండూ కనిపిస్తాయి. విండోస్ కంప్యూటరులో కమాండ్ ప్రాంప్ట్ తెరచి ‘ఐపీకాన్ఫిగ్’ అన్న మాటను ఆంగ్లాక్షరాలలో, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టి ఎంటర్ నొక్కండి. ప్రింటరులో నెట్‌వర్కు వివరాలు ముద్రించే సదుపాయం సెట్టింగులలో ఉంటుంది. తెరమీద అక్షరాలూ అంకెలూ కలిసిన పొడవైన చిరునామా కూడా కనబడవచ్చు. అది ఐపీవీ6 అనే కొత్త పద్ధతికి చెందినది. దానిని చూసి కంగారుపడనక్కరలేదు, ప్రస్తుతానికి పక్కన పెట్టండి.

ఇక పంపిణీదారు చిరునామా రౌటరు అడుగున అంటించిన చీటీ మీద ఉంటుంది. ఎక్కువ రౌటర్లకు అది 192.168.0.1 గాని 192.168.1.1 గాని అవుతుంది. జియో ఫైబర్ పెట్టెలకు 192.168.29.1. మీ ఫోనులో కనిపించిన గేట్‌వే ఇంట్లోని ఏ పెట్టె చీటీతో సరిపోతున్నదో చూడండి. మీకు చిరునామా ఇచ్చినది ఆ పెట్టెయే.

కొన్నిసార్లు ఇంట్లోని ఏ పెట్టెతోనూ సరిపోదు. 172.20.10తో మొదలైతే మీ కంప్యూటరు ఎవరిదో ఐఫోను హాట్‌స్పాట్‌లో చేరి ఉన్నది. 192.168.43 అయితే పాత ఆండ్రాయిడ్ ఫోను హాట్‌స్పాట్ అయి ఉండే అవకాశం ఎక్కువ. సెలవులకు వచ్చిన అల్లుడుగారి ఫోనులో హాట్‌స్పాట్ ఆపడం మరచిపోతే ఇటువంటి చిత్రాలు జరుగుతాయి. పోట్లాట లేకుండా తేలిపోయే లోపం ఇదొక్కటే.

169.254తో మొదలైతే అర్థం వేరు. పరికరం కేక వేసింది, ఎవరూ పలకలేదు. చేసేది లేక తనకు తానే ఒక చిరునామా పెట్టుకున్నది. ఆ అంకెను ఎవరూ ఇవ్వలేదు కనుక దానిని మార్చడానికి ప్రయత్నించి లాభం లేదు. పంపిణీదారు దాకా కేక ఎందుకు చేరలేదో చూడాలి. కేబులు వదులుగా ఉండడం, ఎలుక కొరకడం, పోర్టు చెడిపోవడం మామూలు కారణాలు. కరెంటు పోయి వచ్చినప్పుడు రౌటరు లేవడానికి ఒకటి రెండు నిమిషాలు పడుతుంది. ఇన్వర్టరు మీదున్న కంప్యూటరు అంతకుముందే కేక వేసి విసిగి ఉంటుంది. కొద్దిసేపు ఆగితే అదే మళ్లీ అడిగి సరిచేసుకుంటుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఈ 169.254 సాధారణంగా కనబడదు. ‘ఐపీ చిరునామా పొందుతున్నది’ అన్న మాట దగ్గరే ఆగిపోయి వెనక్కు వస్తుంది.

ఇద్దరు పంపిణీదారులు

ఇద్దరు అధికారుల ఇబ్బంది మనవారికి కొత్త కాదు. ఆంధ్ర, ఒడిశాల మధ్యనున్న కొఠియా గ్రామాలలోను, మహారాష్ట్రలోని జివతి తాలూకాలో తెలంగాణ అంచునున్న పల్లెలలోను ఒకే ఇంటివారి చేతిలో రెండు రాష్ట్రాల కార్డులు ఉండడం పత్రికలలో ఎన్నోసార్లు వచ్చినదే. అక్కడి వ్యవహారం చరిత్రకు, రాజకీయానికి సంబంధించినది. రౌటర్ల వ్యవహారంలో మాత్రం కారణం చాలా చిన్నది: కేబులును ఏ రంధ్రంలో పెట్టారన్నది.

రౌటరు వెనుక ఒక రంధ్రం విడిగా, తరచు వేరే రంగులో ఉంటుంది. దానిమీద వ్యాన్ అనో ఇంటర్నెట్ అనో రాసి ఉంటుంది. మిగిలినవి ల్యాన్ రంధ్రాలు. మా మేనల్లుడు ఫైబర్ పెట్టె నుంచి తెచ్చిన కేబులును కొత్త రౌటరు ల్యాన్ రంధ్రంలో పెట్టాడు. అలా పెట్టడమే తప్పు కాదు. అయితే కొత్త రౌటరు లోపలి డీహెచ్‌సీపీ ఆగలేదు. దానితో ఒకే తీగ మీద ఇద్దరు పంపిణీదారులు కూర్చున్నారు. పాత పెట్టె 192.168.1 వరుసలోను, కొత్తది 192.168.0 వరుసలోను పంచసాగాయి. కొత్త రౌటరు చేత చిక్కిన పరికరానికి అది తననే గేట్‌వేగా చూపింది. దాని వ్యాన్ రంధ్రం ఖాళీ, బయటికి దారి లేదు. వైఫై గుర్తు నిండుగా ఉండి ఇంటర్నెట్ లేకపోవడం అందువల్లనే. రాత్రి కరెంటు పోయి వచ్చినప్పుడు ప్రింటరు కేకకు కొత్త రౌటరు ముందు పలికింది. అంతవరకు 192.168.1.20గా ఉన్న ప్రింటరు 192.168.0 వరుసలోకి వెళ్లిపోయింది. కంప్యూటరు తన జ్ఞాపకంలోని పాత చిరునామాకే కాగితాలు పంపి, జవాబు రాక ‘ఆఫ్‌లైన్’ అన్నది.

దీనిని సరిచేయడానికి రెండు మార్గాలున్నాయి. కేబులును వ్యాన్ రంధ్రంలోకి మార్చడం మొదటిది. అప్పుడు కొత్త రౌటరు కేకలు గోడకు అవతల వినబడవు, అది తన వెనుకనున్నవారికి మాత్రమే పంచుతుంది. సులువైన పనే కాని ఇల్లు రెండు వీధులుగా చీలిపోతుంది. ముందుగదిలోని కంప్యూటరు నుంచి కొట్టంలోని కెమెరాను నేరుగా చూడడం కుదరదు. పైగా రెండు పెట్టెలూ 192.168.1 వరుసనే వాడుతుంటే కొత్త రౌటరుకు లోపలేదో బయటేదో తెలియక తికమక పడుతుంది. కొన్ని రౌటర్లు దానిని గుర్తించి వరుసను తామే మార్చుకుంటాయి, కొన్నిటికి మనం మార్చాలి. ఇంట్లో ఫోన్లు తప్ప ప్రింటరు, కెమెరా వంటివి లేకపోతే ఈ మార్గం చాలు.

దుకాణం ఉన్న ఇంటికి రెండవ మార్గమే మేలని నా అభిప్రాయం. కొత్త రౌటరు చేత పంపిణీ మాన్పించి, వైఫైని దూరం మోసే పని ఒక్కటే చేయించడం. కొన్ని రౌటర్ల సెట్టింగులలో ‘యాక్సెస్ పాయింట్ మోడ్’ ఉంటుంది. దానిని ఎంచుకుంటే అన్నీ అదే చూసుకుంటుంది. అది లేని రౌటరుకు చేతితో చేయాలి, వరుస తప్పకూడదు. ముందుగా ఫైబర్ పెట్టెకు పోయే కేబులు ఊడదీయండి. ఊడదీయకపోతే మీ ఫోనుకు ఏ పెట్టె చిరునామా వస్తుందో తెలియదు, సెట్టింగుల పేజీ తెరచుకోకపోవచ్చు. తరువాత కొత్త రౌటరు వైఫైలో చేరి, ఫోనులో మొబైల్ డేటా ఆపి, బ్రౌజరులో 192.168.0.1 కొట్టి లోపలికి వెళ్లండి. ల్యాన్ విభాగంలో ఆ రౌటరు సొంత చిరునామాను 192.168.1.2గా మార్చి భద్రపరచండి. ఆ అంకె మరెవరికీ ఇచ్చి ఉండకూడదు, ఫైబర్ పెట్టె పంచే పరిధిలోనూ ఉండకూడదు. రౌటరు ఆగి లేచిన తరువాత మళ్లీ చేరి, ఈసారి 192.168.1.2 తెరచి, డీహెచ్‌సీపీని ఆపివేయండి. చివరగా కేబులును ల్యాన్ రంధ్రంలోనే పెట్టండి. డీహెచ్‌సీపీని ముందే ఆపితే ఫోనుకు చిరునామా దొరకక మధ్యలో చిక్కుకుంటారు. అలా చిక్కుకొని రీసెట్ గుంటలో సూది గుచ్చి మొదటికి వచ్చినవారిలో ఈ వ్యాసకర్త ఒకడు.

ఇంత చేసినా పరికరాలు వెంటనే మారకపోవచ్చు. ఇచ్చిన చిరునామాకు గడువుంటుంది, చాలా రౌటర్లలో అది ఒక రోజు. గడువు తీరేదాకా పరికరం పాత చిరునామాను వదలదు. ఫోనులో ఆ వైఫైని ‘మరచిపో’ అని మళ్లీ చేరండి. ప్రింటరును ఆపి వేయండి. విండోస్‌లో ‘ఐపీకాన్ఫిగ్’ తరువాత ఖాళీ విడిచి, ఏటవాలు గీతతో ‘రిలీజ్’ అని, మళ్లీ అలాగే ‘రెన్యూ’ అని కొడితే కొత్తది అడుగుతుంది. ఇదంతా ఫోనులో చెప్పించుకుంటూ మేనల్లుడు చేసేసరికి రాత్రి తొమ్మిది గంటలైంది. అరుగు మీది రైతులలో నలుగురు అప్పటికీ వెళ్లలేదు. మొదటి పహాణీ ముద్రణ శబ్దం నాకు ఫోనులోనే వినబడింది.

ప్రింటరుకు స్థిరనివాసం

ప్రింటరు, కెమెరా రికార్డరు వంటివాటిని ఇతర పరికరాలు వెదుక్కుంటూ వస్తాయి కనుక వాటి చిరునామా మారకుండా ఉండాలి. ప్రింటరు సెట్టింగులలోనే 192.168.1.20 అని చేతితో రాయడం ఒక పద్ధతి. మెకానిక్కులు ఎక్కువగా ఇదే చేస్తారు. చిక్కేమిటంటే పంపిణీదారుకు ఆ సంగతి తెలియదు. తన పరిధిలో 20 ఉంటే దానిని ఇంకొకరి ఫోనుకు ఇచ్చివేయవచ్చు. ఇస్తే ఒకే చిరునామాకు ఇద్దరు హక్కుదారులవుతారు, ఒకరు ఉన్నప్పుడు మరొకరు పనిచేయరు. చుట్టాలు వచ్చినప్పుడే ప్రింటరు మొరాయిస్తున్నదంటే ఈ అనుమానం రావాలి. కరెంటు పోయినప్పుడు కొన్ని చవక రౌటర్లు తాము ఎవరికేమిచ్చాయో మరచిపోవడం వలన కూడా ఇటువంటి జగడం పుడుతుంది.

మంచి పద్ధతి పంపిణీదారు పుస్తకంలోనే రాయించడం. రౌటరు సెట్టింగులలో ‘అడ్రస్ రిజర్వేషన్’ అన్న చోట ప్రింటరు మ్యాక్ చిరునామాను, దానికి ఇవ్వవలసిన ఐపీని జతచేయాలి. మ్యాక్ అనేది పరికరం తయారైన చోటనే వేసే గుర్తు, పుట్టుమచ్చ వంటిది. ఫోన్లకు మాత్రం ఇది సరిగా పనిచేయదు. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10, 2020లో వచ్చిన ఐఓఎస్ 14 మొదలుకొని ఫోన్లు గోప్యత కోసం మారుపేరు మ్యాక్‌తో వైఫైలో చేరుతున్నాయి. తప్పనిసరైతే ఆ నెట్‌వర్కు సెట్టింగులలో అసలు మ్యాక్‌ను వాడమని చెప్పవచ్చు.

కెమెరాలలో కొన్ని 192.168.1.64 అనో 192.168.1.108 అనో సొంత చిరునామాతో పెట్టెలోంచి బయటికి వస్తాయి. మీ ఇంటి వరుస 192.168.29 అయితే అవి ఎంత వెదికినా కనబడవు. కెమెరా పోయిందని దుకాణానికి తిప్పి పంపేముందు దాని చీటీ చూసి, సెట్టింగులలో డీహెచ్‌సీపీని ఎంచుకుంటే తరచు అదే దారికి వస్తుంది.

మరొక్క అంకె గురించి చెప్పాలి. రౌటరు సెట్టింగులలో వ్యాన్ చిరునామా 100.64 నుంచి 100.127 మధ్య కనిపిస్తే అది లోపం కాదు. చిరునామాల కరవు వలన కంపెనీలు చాలామంది వినియోగదారులను ఒకే బయటి చిరునామా వెనుక ఉంచుతున్నాయి. ఆ పని కోసం 2012లో ఈ వరుసను కేటాయించారు. ఇంటర్నెట్ చూడడానికి దానివలన అడ్డు లేదు. బెంగళూరులోనో గల్ఫులోనో ఉన్న కొడుకు ఇంటి కెమెరాను నేరుగా అంకె కొట్టి చూడాలంటే మాత్రం కుదరదు. కెమెరా కంపెనీ ఆప్ ద్వారా చూడాలి.

వినియోగదారుల సేవా కేంద్రానికి ఫోను చేసినప్పుడు కన్నడమో, ఒడియానో, మరాఠీనో రాక మనలో పెద్దవారు తడబడతారు. ఇంటర్నెట్ రావడం లేదన్న ఒక్క మాటకు అవతలివారు రీస్టార్ట్ చేయమంటారు, అంతకుమించి వారికీ ఏమీ తెలియదు. అదే పరికరంలోని ఐపీ, గేట్‌వే, ఫైబర్ పెట్టె చీటీ మీది చిరునామా, ఈ మూడూ కాగితం మీద రాసుకొని చదివితే ఏ భాషలోనైనా పని జరుగుతుంది. ఇంట్లో రౌటర్లు ఒకటా రెండా అన్నది కూడా చెప్పండి, వారు తమంతట తాము అడగరు.

ఈ ఏడాది మొదట్లో అక్కగారింటి ఫైబర్ పెట్టెను కంపెనీవారు మార్చారు. కొత్త పెట్టె 192.168.100 వరుసది. పాత పెట్టెతోపాటు అందులో రాయించిన రిజర్వేషను కూడా పోయింది. ప్రింటరు మళ్లీ ‘ఆఫ్‌లైన్’ అన్నది. ఈసారి నాకు ఫోను సాయంత్రం వచ్చింది. “మూడో అంకె నూరు అయింది మామా. ప్రింటరుకు 192.168.100.20 అని కొత్త పెట్టెలో రాయించినా, కంప్యూటరులో కూడా అదే మార్చినా. వసారా రౌటరుకు ఏం పెట్టల్ల?” అన్నాడు. 192.168.100.2 పెట్టమన్నాను.